తెలియదని ఐదు సంతకాలు

మా వైస్ చాన్సలర్ గారు ఆ మూడు రోజుల వర్క్‌షాపుకు వెళ్ళకపోయి ఉంటే ఈ గొడవే లేదు. "పరిశోధన పత్రానికి పదునైన ఉపోద్ఘాతం రాయడం ఎలా" అనేది దాని పేరు. వాళ్ళు పిలిచింది కుర్ర అధ్యాపకుల్ని. కానీ చివరి రోజున శాలువా కప్పుతామని ఆహ్వానం అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని ఆయనే వెళ్ళారు.

నా పేరు డబ్బీరు విశ్వనాథం. మాది వ్యవసాయ విశ్వవిద్యాలయం. పరిశోధన విభాగంలో సూపరింటెండెంటుని, ముప్ఫయ్యొక్క ఏళ్ళ సర్వీసు. ఇక్కడివాళ్ళు ఏది కనిపెట్టినా, ఆ కాగితం మీద నా స్టాంపు పడ్డాకే అది గేటు దాటి పత్రికకు వెళ్ళాలి. వాళ్ళు కనిపెట్టేదేమిటో నాకు అక్కర్లేదు. పేజీలకు నెంబర్లు ఉన్నాయా, మార్జిన్ వదిలారా, అంతవరకే నా విద్య.

వీసీ గారు సోమవారం తిరిగొచ్చారు. మంగళవారం అందరినీ సమావేశానికి పిలిచారు.

"మన పేపర్లను పత్రికలు ఎందుకు తిప్పి పంపుతున్నాయో ఎవరైనా చెప్పగలరా?" అన్నారు.

అందరూ ఎదుట ఉన్న కాగితాలు సర్దుకోసాగారు. మా దగ్గర జవాబు చెప్పినవాణ్ణి కమిటీకి కన్వీనర్‌ని చేస్తారు.

"ఉపోద్ఘాతం. కేవలం ఉపోద్ఘాతం. అందులో మూడు అంశాలు ఉండి తీరాలి. లోకానికి ఇంతవరకు ఏం తెలుసు, ఇంకా ఏం తెలియదు, ఆ తెలియనిదాన్ని మనం ఎలా తెలుసుకోబోతున్నాం. ఆ నడిమిదాన్ని గ్యాప్ అంటారు. గ్యాప్ లేని ఉపోద్ఘాతం పునాది లేని భవనం."

ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆగి, టీ తాగి లేచి ఉంటే ఎవరికీ ఏ నష్టమూ లేకపోను. ఆయన ఆగలేదు.

"అయితే మన స్కాలర్లు చేస్తున్నదేమిటి? 'ఈ విషయం ఇంతవరకు తెలియదు' అని ఎవడికి తోచినట్టు వాడు రాసేస్తున్నాడు. ఎవరిని అడిగి రాస్తున్నాడు? ఆధారం ఏది? కులానికి సర్టిఫికెట్ ఉంది. నివాసానికి ఉంది. పెన్షన్ తీసుకునే మనిషి బతికున్నాడనడానికి కూడా ఏటా సర్టిఫికెట్ ఉంది. తెలియకపోవడానికి మాత్రం ఎందుకు ఉండకూడదు?"

అందరూ బల్లలు చరిచారు. నేనూ చరిచాను. అబద్ధం ఎందుకు, ఆ క్షణాన నాకూ సబబుగానే తోచింది.

ఆ సాయంత్రమే సర్క్యులర్ తయారుచేశాను. "ఉపోద్ఘాతమునందు ఏదేని విషయము తెలియదని పేర్కొనదలచినవారు, సదరు విషయము తమకు తెలియదని, ఈ విశ్వవిద్యాలయమునందు ఇరువదియైదు సంవత్సరముల సర్వీసు పూర్తిచేసిన ఐదుగురు ఆచార్యుల నుండి సంతకములు పొంది జతపరచవలెను." వీసీ గారు చదివి, 'ఆచార్యుల' అన్న మాటను ఎర్ర ఇంకుతో కొట్టేసి, పైన 'అనుభవజ్ఞుల' అని రాశారు.

"ఆచార్యులంటే ఉత్త ఉద్యోగం పేరులా ఉందయ్యా. అనుభవజ్ఞులంటే బరువుంటుంది," అన్నారు.

బరువుంటే ఉండనీ, నాకేం పోయిందని అలాగే టైపు కొట్టించాను. ఫారానికి ఆయనే పేరు పెట్టారు: అజ్ఞాన ధ్రువపత్రం.

మొదటి నెలలో పదకొండు మంది స్కాలర్లు ఫారాలు పట్టుకెళ్ళారు. ఒక్కరికీ ఒక్క సంతకం కూడా దొరకలేదు. ఉప్పునేలలో వానపాములు ఎందుకు నిలవవో తెలియదని సంతకం పెట్టమంటే, వానపామును ఎన్నడూ చూడని అర్థశాస్త్రం ఆచార్యులు "నాకు తెలియకేం" అన్నారు. పాతికేళ్ళుగా తెలుసునన్న మొహంతో తిరిగిన మనిషిని పట్టుకుని, తెలియదని రాసి కింద సంతకం పెట్టి తేదీ వెయ్యమంటే ఎలా వేస్తాడు? పైగా ఆ కాగితం ఫైల్లో ఉండిపోతుందాయె. రేపు ప్రమోషన్ అప్పుడు ఎవడైనా బయటికి తీస్తే?

మూడు నెలలు గడిచాయి. గేటు దాటిన పేపర్లు సున్నా. వీసీ గారు నన్ను పిలిచి లెక్క అడిగితే భయపడుతూనే చెప్పాను. ఆయన మొహం వెలిగిపోయింది.

"అంటే ఈ విశ్వవిద్యాలయంలో తెలియని విషయం ఒక్కటి కూడా లేదన్నమాట. ఇది మామూలు సంగతి అనుకుంటున్నారా విశ్వనాథం గారూ?"

వారం తిరక్కుండా మెయిన్ గేటుకి బ్యానర్ కట్టారు: 'దేశంలోనే తొలి గ్యాప్ రహిత విశ్వవిద్యాలయం'. పక్క జిల్లాల కాలేజీల నుంచి బృందాలు నోటు పుస్తకాలు పట్టుకుని అధ్యయనానికి వచ్చాయి. తెలుసుకోవలసింది ఏమీ లేదు కనుక ప్రయోగశాలలు ఒంటిపూట చాలన్నారు. క్లాసులో ఎవరైనా చెయ్యెత్తి సందేహం అడిగితే, ముందు ఫారం నింపి రమ్మనేవారు. పిల్లలు సందేహాలు మానేశారు. ఆ సంవత్సరం క్లాసులు చాలా ప్రశాంతంగా జరిగాయి.

అలాంటి రోజుల్లో ఒక సోమవారం పొద్దున్న పైడితల్లి నా బల్ల దగ్గరకు వచ్చింది. ఉద్యాన విభాగంలో పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి, ఆరో ఏడు. ఆ నెలాఖరుకి రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. ఒక్క పేపరైనా పత్రికలో తీసుకుంటే గానీ థీసిస్ ఇవ్వనివ్వరు. పేపరు పంపడం సర్క్యులర్‌కు ముందే జరిగింది. పత్రికవాళ్ళు పని మెచ్చుకున్నారు గానీ, ఉపోద్ఘాతం తిరగరాసి శుక్రవారం సాయంత్రం ఐదింటిలోగా పంపమన్నారట. శుక్రవారం దాటితే పేపరు పోయినట్టే, ఆరేళ్ళూ పోయినట్టే.

"ఏమిటమ్మా విషయం?" అన్నాను.

"దోసకాయండి. చేదో కాదో కొయ్యకుండా చెప్పడం. తొడిమ దగ్గర సూదితో గుచ్చి, ఆ చుక్కని ఈ కాగితం ముక్కకి అంటిస్తే, చేదుకాయైతే కాగితం ఊదారంగు తిరిగిపోద్ది సార్."

ఉపోద్ఘాతం తీసి చూశాను. మామూలుగా మావాళ్ళ ఉపోద్ఘాతాలు 'అనాది నుండి మానవాళి' అని మొదలై, దోసకాయ దగ్గరికి వచ్చేసరికి నాలుగు పేజీలు అవుతాయి. ఈ పిల్ల మొదటి వాక్యంలోనే దిగిపోయింది. 'మా అమ్మ పాతికేళ్ళుగా దోసకాయలు అమ్ముతోంది. ఏ కాయ చేదో ఆమెకు తెలియదు. కొన్నవారికీ తెలియదు. కోసి, వండి, నోట పెట్టాకే తెలుస్తుంది.'

"మీ అమ్మ ఎక్కడమ్మా అమ్ముతుంది?"

"రైతుబజార్లో సార్. నాలుగో కొట్టు. సూరమ్మ అంటారు."

ఆ కొట్టు నాకు తెలుసు. పోయిన వేసవిలో ఒక చేదుకాయ పడి మా ఇంట్లో గిన్నెడు పప్పు పారబోశాం. మిగిలిన చెక్క పట్టుకుని వెళ్ళి, ఆవిడ గంప మీద గిరాటేసి, పదిమందిలో అరిచింది నేనే. "పాతికేళ్ళ నుంచి ఇదే అమ్ముతున్నావు కదా, ఆమాత్రం తెలీదా నీకు?" అన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి, "తెల్దు బాబూ. తెలిస్తే నీకెందుకిస్తాను?" అని ఇంకో కాయ చేతిలో పెట్టింది. ఆ రెండోది బాగానే ఉంది. అయినా నా కోపం తగ్గలేదు. మనిషి నోటంట 'తెల్దు' అన్న మాట అంత తేలిగ్గా వస్తే నాకు అప్పట్లో ఒళ్ళు మంట.

ఈ సంగతి ఆ పిల్లకి చెప్పలేదు. ఫారం చేతిలో పెట్టి, "ముందు మీ గైడు గారితో మొదలుపెట్టు," అన్నాను.

గైడు ఆచార్య ముకుందశర్మ గారు. ఒక ఫైలు పనిమీద నేనూ ఆ గదిలోనే ఉన్నాను.

"నేను సంతకం పెట్టడమేమిటమ్మా? గైడునే నాకు తెలియదంటే నీకు ఆరేళ్ళుగా ఏం గైడ్ చేసినట్టు?" అన్నారు శర్మగారు.

"పోనీ తెలుసునని రాసివ్వండి సార్. ఎలా తెలుస్తుందో రెండు ముక్కలు రాస్తే, అదే ఉపోద్ఘాతంలో పెట్టుకుంటాను."

"అది ఇలా నిలబడి చెప్పే విషయం కాదు. రిటైరయ్యాక పుస్తకం రాస్తాను. అప్పుడు చదువుకుందువుగాని."

పాతికేళ్ళు నిండిన మిగతా నలుగురు ఆచార్యులదీ అదే వరస. గణాంకశాస్త్రం ఆయనైతే, "దోసకాయ చేదు తెలియనివాడు కూడా మనిషేనా?" అన్నారట. బుధవారం సాయంత్రానికి ఫారం ఖాళీగా, నలిగిపోయి నా బల్ల మీదకి తిరిగొచ్చింది. పిల్ల కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ ఏడవలేదు.

"సార్, రూల్లో అప్పీలు ఉందా?" అంది.

ఉంది. గ్యాప్ కమిటీ అని ఒకటి, వీసీ గారు అధ్యక్షులు, ఆ ఐదుగురు ఆచార్యులే సభ్యులు. మర్నాడు గురువారం మధ్యాహ్నం సమావేశం వేయించాను.

పైడితల్లి ఒక గంపలో పది దోసకాయలు తెచ్చింది. ఒక్కోదానికి నెంబరు చీటీ అంటించింది. అంటించిన కవరొకటి నా చేతికిచ్చి, "ఇందులో ఏవి చేదో రాశాను సార్, సభ అయ్యాక విప్పండి," అంది. తరవాత సభ్యుల వైపు తిరిగి నమస్కారం పెట్టింది.

"మీకందరికీ తెలుసు అంటున్నారు కదండి. తలో మంచి కాయ ఏరుకోండి. ఏరుకున్నది మీరే రుచి చూడండి. అందరికీ మంచివే వస్తే నేను ఇంకేమీ అడగను."

వీసీ గారు తల పంకించారు. "శాస్త్రీయంగా ఉంది. కానివ్వండి."

శర్మగారు ఒక్కో కాయనూ గోటితో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, మూడో నెంబరు తీసుకున్నారు. గణాంకశాస్త్రం ఆయన చారలు లెక్కపెట్టి, సరిసంఖ్య వచ్చినవన్నీ పక్కన పెట్టి, ఏడో నెంబరు పట్టుకున్నారు. నేలల శాస్త్రం ఆయన అరచేతిలో ఎగరేసి తొమ్మిదో నెంబరు. ఒకాయన వాసన చూశారు. ఇంకొకాయన అసలు గంపవైపు చూడకుండానే చెయ్యి పెట్టి ఒకటి లాగారు, అనుభవం అంటే అదీ అన్నట్టు. వీసీ గారికి కూడా ఒకటి ఇవ్వబోతే, "అధ్యక్షస్థానంలో ఉన్నవాడు రుచి చూడటం సంప్రదాయం కాదు," అన్నారు.

అటెండర్ అప్పన్న ముక్కలు కోసి పళ్ళాల్లో పెట్టాడు. ఐదుగురూ నోట పెట్టుకున్నారు.

శర్మగారి దవడ రెండుసార్లు ఆడి ఆగిపోయింది. కళ్ళజోడు వెనక నీళ్ళు తిరిగాయి. గణాంకశాస్త్రం ఆయన నమలకుండానే గుటుక్కున మింగి, బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. నేలల శాస్త్రం ఆయన కిటికీలోంచి చాలా దూరం చూస్తూ కూర్చున్నారు. మిగతా ఇద్దరూ మాత్రం హాయిగా తింటున్నారు.

"ఎలా ఉన్నాయి?" అన్నారు వీసీ గారు.

"కమ్మగా ఉంది," అన్నారు శర్మగారు. గొంతు కొంచెం బొంగురుపోయింది.

"అమోఘం," అన్నారు గణాంకశాస్త్రం ఆయన.

నేలల శాస్త్రం ఆయన తల ఊపి ఇంకో ముక్క కూడా తీసుకున్నారు. ఆ మనిషి ధైర్యానికి ఈ రోజుకీ నేను దండం పెడతాను.

వీసీ గారు చెబుతూ ఉంటే మినిట్స్ రాశాను. "సభ్యులు ఎంచుకొనిన ఐదు కాయలును కమ్మగా ఉన్నవని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది. అందువలన చేదు దోసకాయ అను సమస్య లేదు. లేని సమస్యకు గ్యాప్ ఉండజాలదు. అభ్యర్థన తిరస్కరించడమైనది."

కాగితాలు సర్దుకుని వరండాలోకి వచ్చేసరికి, కుళాయి దగ్గర శర్మగారు నోరు పుక్కిలిస్తున్నారు. ఆయన వెనక ఇద్దరు ఆచార్యులు వరసలో నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోవడం లేదు. కవరు విప్పాను. చేదుకాయలు: మూడు, ఏడు, తొమ్మిది. లోపలికి వెళ్ళి శర్మగారి పళ్ళెంలో మిగిలిన ముక్క నోట వేసుకున్నాను. రాత్రి అన్నం తినేదాకా ఆ చేదు నాలుక మీదనుంచి పోలేదు.

పైడితల్లి మిగిలిన కాయల గంప చంకన పెట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది. "ఇంటికెళ్ళి మా అమ్మకి ఏటని చెప్పమంటారు సార్?" అంది. అంతవరకు సార్ సార్ అంటూ పుస్తకంలా మాట్లాడిన పిల్ల నోట ఇంటి భాష వచ్చేసింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళ మీదో, నా మీదో అప్పుడు తేల్చుకోలేదు.

శుక్రవారం పొద్దున్నే ఆఫీసుకొచ్చి, నేనే రాసిన సర్క్యులర్‌ని మొదటిసారి శ్రద్ధగా చదివాను. ఇరవైయైదు సంవత్సరాల సర్వీసు. ఐదుగురు. అనుభవజ్ఞులు. ఆచార్యులని ఎక్కడా లేదు. ఎర్ర ఇంకుతో కొట్టేసింది సాక్షాత్తూ వీసీ గారే, ఆ డ్రాఫ్టు నా బీరువాలో భద్రంగా ఉంది.

ఫారం పట్టుకుని తోటలోకి వెళ్ళాను. సింహాచలం మా తోటమాలి, ముప్ఫయ్రెండేళ్ళుగా కూరపాదులు పెంచుతున్నాడు. పారపని ఆపి నా మాట పూర్తిగా విన్నాడు.

"నాకేటి తెలుసు బాబూ. పాదొకటే, నీరొకటే. ఒక కాయి సేదు, దాని పక్క కాయి కమ్మన. ఎందుకో తెల్దు. ఎక్కడ ఎట్టమంటారు సంతకం?"

ఇంత తేలికా అనిపించింది. అక్కడనుంచి గెస్ట్‌హౌస్ వంటింట్లోకి వెళ్ళాను. అప్పలనరసమ్మకి ఇరవైయేడేళ్ళ సర్వీసు.

"తెలిస్తే మొన్న వీసీ బాబుగారికి ఆ సేదు పప్పు ఎడతానా?" అంది గరిటె పక్కన పెడుతూ. "మెచ్చుకుని తిన్నారు, అది యేరే సంగతనుకోండి." చేతులు తుడుచుకుని, పేరు కూడబలుక్కుంటూ రాసింది.

డ్రైవర్ రామ్మూర్తి మూడో సంతకం. కిందటి రోజు కాయలు కోసిన అప్పన్న నాలుగోది; వాడు "ఆళ్ళకి తెల్దని మాత్రం నాకు తెలుసు" అని కూడా రాస్తానన్నాడు, వద్దన్నాను. మూడున్నర అయింది. సర్వీసు రిజిస్టర్లు తిరగేశాను. ఆచార్యుల్ని వదిలేస్తే, పాతికేళ్ళు దాటిన మిగతా ఉద్యోగుల్లో ఒకరు సెలవు మీద ఉన్నారు, ఇద్దరు డిప్యుటేషన్ మీద వెళ్ళారు. ఇంక మిగిలింది ఒకే ఒక్క పేరు. డబ్బీరు విశ్వనాథం.

పైడితల్లి ఎదురుగా కుర్చీలో కూర్చుని గోడ గడియారం వైపు చూస్తోంది. నేను కలం తీశాను.

చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది కానీ, చెయ్యి కదల్లేదు. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో లక్ష కాగితాలు రాసుంటాను. 'పరిశీలనలో ఉన్నది' అని రాశాను, 'సంబంధిత విభాగమునకు పంపడమైనది' అని రాశాను, 'తగు సమయమున తెలియజేయబడును' అని రాశాను. తెలియదని మాత్రం ఒక్కసారీ రాయలేదు. అసలు ఆ మాట తప్పించుకోవడానికే మిగతావన్నీ నేర్చుకున్నానని అప్పుడు తట్టింది. నిన్న ఆ చేదు మింగిన శర్మగారికీ నాకూ తేడా ఏమిటి? ఆయన పళ్ళెం ముందు కూర్చున్నారు, నేను ఫైలు ముందు కూర్చున్నాను.

"సార్, నాలుగూ నలభై అయింది," అంది పైడితల్లి మెల్లిగా.

సంతకం పెట్టాను. పెట్టాక ఒంటిమీద నుంచి ఏదో దించినట్టయింది. స్టాంపు కొట్టాను. ఐదుకి పది నిమిషాల ముందు పేపరు గేటు దాటింది.

మూడు వారాలకి పత్రికవాళ్ళ ఉత్తరం వచ్చింది. పేపరు తీసుకున్నారు. ఉపోద్ఘాతం చాలా స్పష్టంగా ఉందని, ముఖ్యంగా మొదటి నాలుగు వాక్యాలు మార్చవద్దని రాశారు. గడువుకి రెండు రోజుల ముందు పైడితల్లి థీసిస్ ఇచ్చేసింది.

ఆ వారంలోనే గేటు మీద బ్యానర్ దించేశారు. గ్యాప్ రహిత విశ్వవిద్యాలయంలో ఐదుగురికి ఏదో తెలియదని రాతపూర్వకంగా రుజువైపోయింది మరి. సాయంత్రానికి మా ఐదుగురికీ మెమోలు అందాయి. "ఇరువదియైదు సంవత్సరములకు పైబడిన సర్వీసు ఉండియు, దోసకాయ చేదో కాదో తమకు తెలియకపోవుటకు గల కారణమేమి? మూడు దినములలోగా లిఖితపూర్వకముగా సంజాయిషీ ఇవ్వవలెను."

రెండోసారి చదివాను. ఈ మాట ఎక్కడో విన్నట్టే ఉందనిపించింది. వినడమేమిటి, అన్నది నేనే. రైతుబజార్లో, పదిమందిలో, మామూలు తెలుగులో.

ఆఫీసు అవగానే నాలుగో కొట్టుకి వెళ్ళాను. సూరమ్మ కాయలు తుడిచి పేరుస్తోంది. పక్కన చిన్న డబ్బాలో కాగితం ముక్కలు, ఒక సూది ఉన్నాయి. పైడితల్లి చదివే చోట పనిచేసే విశ్వనాథాన్నని చెప్పాను.

"పోయిన వేసవిలో నీ మీద అరిచాను సూరమ్మా. తప్పయింది," అన్నాను.

"ఎంతమంది అరవలేదు బాబూ. ఎవులని గుర్తెట్టుకుంటాను," అంది నవ్వుతూ. "పాపకి మీరే సంతకం ఎట్టారట గదా. ఉండండి, మంచిది ఇస్తాను."

తొడిమ దగ్గర గుచ్చి కాగితం అంటించింది. రంగు మారలేదు. దాన్ని నా సంచిలో వేసింది.

"ఇంకోటి కావాలమ్మా. ఆఫీసుకి," అన్నాను. "దానికి మాత్రం కాగితం అంటించకు."

మర్నాడు పొద్దున్న సంజాయిషీ రాశాను. ముప్ఫయ్యొక్క ఏళ్ళలో నేను రాసిన అన్నిటికంటే చిన్నది. 'తెలియదు' అని ఒక్క మాట, కింద సంతకం, తేదీ. దాని కింద రివాజు ప్రకారం ఇంకో వరుస: 'జతపరచినది: దోసకాయ, ఒకటి. కొయ్యకముందే తమ అభిప్రాయము తెలుపగోరుచున్నాను.'

కాయకి ఫైలు నెంబరు చీటీ అంటించి పైకి పంపాను. వీసీ గారు ముకుందశర్మ గారి అభిప్రాయం కోరారు. శర్మగారు గణాంకశాస్త్రానికి పంపారు, అక్కడినుంచి నేలల శాస్త్రానికి వెళ్ళింది. నాలుగు నెలలైంది. కాయ వడిలి, ముడతలుపడి, ఇప్పటికీ ఫైలు మీదే బల్ల నుంచి బల్లకు తిరుగుతోందని అప్పన్న చెప్పాడు. ఇంతవరకు ఎవరూ దాన్ని కొయ్యలేదు.